నూటికి మూడు పాళ్ళు

తప్పు నాదే. టెంకాయ కంటికి బెజ్జం పెట్టి నీళ్ళు వంపేసింది నేను. అందులో మా నాయన సైకిలు షాపులోని బేరింగు గుండ్లు ఇరవై మూడు వేసింది నేను. కొవ్వొత్తి కరిగించి పోసి ఆ గుండ్లను అడుగున అతికించింది నేను. బెజ్జం మీద ఎంసీలు ముద్ద అతికించి రుద్ది, అది కనపడకుండా పిలక దువ్వింది కూడా నేనే. అలాంటి కాయను అరచేతిలో పడుకోబెడితే పడుకోదు. ఎక్కడైనా లేచి నిలబడుతుంది. నీళ్ళున్న చోట నిలబడుతుంది, బండ మీద నిలబడుతుంది, బస్టాండులో కూడా నిలబడుతుంది. మా ఊళ్ళో టెంకాయ నిలబడటమంటే ఏమిటో తెలిసి తెలిసి ఆ పని చేశాను. దానికి పడాల్సిన తిట్లు పడ్డాను. ఇక చెప్పాల్సింది నా గురించి కాదు, ఆ కాయను చేత్తో పట్టుకున్న పీరాసాబ్ గురించి.

పీరాసాబ్‌కు అరవై రెండేళ్ళు. రాప్తాడు నుంచి లోపలికి ఆటోలో పావుగంట పోతే మా ఊరు. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరు బోరు వేయించాలన్నా ముందు బోరు లారీవాడికి కాదు, ఈయనకు ఫోను చేస్తారు. వచ్చి, చెప్పులు గట్టు మీద విడిచి, పిలక టెంకాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు. కాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ పాయింటు. మూడు రాళ్ళు పెట్టి వెళ్ళిపోతాడు. బోరు దిగేటప్పుడు మాత్రం అక్కడ ఉండడు. "కాన్పు కాడ మొగోనికేం పని?" అంటాడు. అసలు సంగతి భయం.

కుర్రతనంలో వాళ్ళ నాయనతో కలిసి బావులు తవ్వాడు. గడ్డపార దిగే చప్పుడును బట్టి కింద మెత్తటి మొరుసుందో గట్టి బండుందో చెప్పేవాడట. బోర్లొచ్చి బావులు పోయాక పాయింట్లలోకి దిగాడు. నలభై ఏళ్ళలో ఆయన చెప్పిన చోట నీళ్ళు పడినవే ఎక్కువ. కానీ పోయిన ఏడు వరసగా రెండింటిలో దుమ్ము లేచింది. నీళ్ళు పడితే బోరులోంచి బురద ఎగజిమ్ముతుంది. పడకపోతే తెల్లటి రాతిపిండి లేచి లారీని, చెట్లను, మనుషులను కప్పేస్తుంది. రెండోది కేశవ బోరు. తొమ్మిది వందల అడుగులు పోయాక, నెత్తిన, మీసాల మీద ఆ పిండి పడి ముప్పై ఐదేళ్ళ కేశవ ముసలివాడైపోయాడు. పది రోజులకు పెళ్ళాం బిడ్డలను తీసుకుని బెంగుళూరుకు పోయాడు, ఏదో అపార్టుమెంటు గేటు కాపలాకు. పోయేముందు పీరాసాబ్ ఇంటికొచ్చి, "పోయొస్తా మామా" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే పీరాసాబ్‌కు నిద్ర పట్టేది.

అప్పట్నుంచి ఆయన పాయింట్లు పెట్టడం మానేశాడు. "ఇంగ మా ఇంట్లో టెంకాయంటే చట్నీకే" అని ఆయన భార్య ఖాతూన్‌బీ అందరికీ చెప్పింది.

మొన్న ఫిబ్రవరిలో ఓబుళేసు వచ్చాడు. ఓబుళేసుకు రెండు వందల పది చీనీ చెట్లు, అంటే బత్తాయి. ఆరేళ్ళు బిందెలు మోసి, కంచె వేసి పెంచినవి. ఈ ఏడే మొదటి గట్టి కాపు. ఉన్న ఒక్క బోరులో నీళ్ళు పైపు నిండా వచ్చేవి కాస్తా చిటికెన వేలంత అయిపోయాయి.

"మామా, ఆకులు ముడుచుకుంటాండాయి. వారం పది దినాలు, అంతే. వచ్చి పాయింటు పెట్టు."

"నేను మానేసినా కదప్పా. మిషిను పెట్టి చూసేటోళ్ళు ఉండారు, పిల్చుకొనిపో."

"మిషినాయప్ప పోయిన నెలే వచ్చినాడు. టీవీలో మాదిరి గీతలు చూపిచ్చినాడు. ఆ గీతల్లోనే బోరేస్తే దుమ్ము లేచింది."

ఓబుళేసు భార్య మల్లీశ్వరి అరుగు కిందే నిలబడి ఉంది. "చిన్నాయనా, నువ్వొచ్చి నీళ్ళు లేవని చెప్పినా సరే. చెట్లు నరుక్కుంటాం. కానీ చెప్పేటోడు ఒకడుండాల గదా" అంది.

పీరాసాబ్ కాసేపు కాలి బొటనవేలితో నేల గీకి, "రేపు పొద్దున చూస్తాంలే" అన్నాడు.

ఆ సాయంత్రం చౌడేశ్వరక్క టీ కొట్టు దగ్గర నేను ఫోను పట్టుకుని ఊరికి ప్రళయం వడ్డిస్తున్నాను. ఆ వారం లోకమంతా అదే మాట. ఆకాశంలో ఒక రాయి తిరుగుతోంది. పెద్ద మేడంత ఉంటుంది. 2032 డిసెంబరులో అది భూమికి తగిలే అవకాశం నూటికి మూడు పాళ్ళని లెక్క తేలింది. తగిలితే ఎక్కడెక్కడ తగలొచ్చో భూగోళం మీద ఒక పట్టీ గీశారు. ఆ పట్టీ మన దేశం మీదుగా కూడా పోతోంది. నేను దాన్ని కొంచెం కిందికి లాగి గుత్తి కోట మీదుగా పోనిచ్చాను. రుచి కోసం.

"పడితే?" అంది తిమ్మమ్మవ్వ.

"ఊరు ఉండదవ్వా."

"మనమో?"

"ఊరే లేకపోతే మనం యాడుంటాం?"

అవ్వ పక్క చేను ఓబన్న గ్లాసు కింద పెట్టాడు. "నూటికి మూడంటే బాగానే ఉండాది కదప్పా! ఈ నేలలో మనం అంతకంటే తక్కువకే బోర్లేస్తాండాం."

అందరూ నవ్వారు. పీరాసాబ్ నవ్వలేదు. "ఎంత గుంత పడతాది?" అని అడిగాడు.

"చెప్పలేం మామా. మహారాష్ట్రలో లోణార్ అని ఉండాది. వేల ఏండ్ల కింద రాయి పడి అయిన గుంత. మైలు పైన ఉంటాది. ఇప్పుడది చెరువు."

"నీళ్ళుండాయా?" నాలుగు గొంతులు ఒక్కసారే అడిగాయి.

"ఉండాయి. ఉప్పునీళ్ళు."

"థూ" అన్నాడు ఓబన్న. "అంత దూరం నుంచి వచ్చి ఉప్పునీళ్ళా! సరే, ఇన్ని రాళ్ళు తిరుగుతాంటే మనం ఇన్నాళ్ళు ఎట్ల బతికినాం?"

"గురుగ్రహం ఉండాది కదన్నా. బలే బరువు. ఇటొచ్చే రాళ్ళను కొన్నిటిని అవతలికి విసిరేస్తాది."

"కొన్నిటినేనా?"

"కొన్నిటిని మనవైపే తోస్తాది."

"మా పెద్ద బామ్మర్ది మాదిరి" అని ఓబన్న తీర్పు చెప్పేశాడు.

పీరాసాబ్ మాత్రం రాయిని వదల్లేదు. "అంత దూరంలో ఉండేదాని దారి వాళ్ళకెట్ల తెలుస్తాది?"

"చూస్తారు మామా, పెద్ద పెద్ద అద్దాలతో. నాలుగు దినాలు చూస్తే దారి రోడ్డంత వెడల్పుగా తెలుస్తాది. నలభై దినాలు చూస్తే కాలిబాటంత అయిపోతాది."

"కనపడేదాన్ని చూస్తారు. కనపడనిదాన్నో?"

నాకు కావాల్సిన ప్రశ్న దొరికింది. కాళ్ళు రెండూ బల్ల మీద పెట్టుకుని చెప్పాను. "శని తెలుసు గదా?"

"శని తెలీనోళ్ళు యాడుండారప్పా ఈ జిల్లాలో" అంది చౌడేశ్వరక్క పాలు తిరగబోస్తూ.

"ఆ శనికి అవతల యురేనస్ అని ఒకటుండాది. దాని దారి లెక్కగట్టి పెట్టుకున్నారు. అది చూస్తే లెక్క ప్రకారం పోలేదు. అంతో ఇంతో తూలుతాండాది. ఎందుకు? పక్కన ఎవడో కనపడకుండా లాగుతాండాడు. ఫ్రాన్సులో ఒకాయన, ఆకాశం వైపు తలెత్తకుండా, ఆ తూలుడును బట్టే కాగితం మీద లెక్కేసి ఫలానా చోట వెతకండి అన్నాడు. వెతికిన తొలి రాత్రే దొరికింది. అదే నెప్ట్యూన్."

పీరాసాబ్ చేతిలో టీ చల్లారిపోయింది. "ఆయప్ప చేతిలో ఏముండె?"

"ఏముంటాది మామా? కలం."

"జనం నమ్మినారా?"

"సొంతూరోళ్ళు పట్టించుకోలేదు. పక్క దేశానికి జాబు రాసినాడు. వాళ్ళు చూసినారు."

ఇంకేమైనా అడుగుతాడేమో అనుకున్నాను. లేచి, తువ్వాలు దులుపుకుని, "ఆనందా, రేపు వచ్చేటప్పుడు ఒక పిలక టెంకాయ పట్టుకొని రా. ఓబుళేసు చేనికి పోవాల" అన్నాడు. నాకు మండింది. యురేనస్, నెప్ట్యూన్ అని గంటసేపు గొంతు చించుకుంటే చివరికి టెంకాయా! ఆ మంటలోనే బేరింగు గుండ్లు.

పొద్దున ఓబుళేసు చేనులో పదిమంది పోగయ్యారు. పీరాసాబ్ ఎప్పుడూ కాయ అందుకోగానే చెవి దగ్గర ఊపి చూస్తాడు. ఆ రోజు ఊపలేదు. రాత్రంతా ఆయన కళ్ళ ముందు కేశవ మీసాలే. ఆ భయం ఎవరికీ కనపడకూడదని గబగబా కాయను అరచేతిలో పెట్టేసుకుని అడుగు వేశాడు.

కాయ లేచి నిలబడింది.

ఓబుళేసు కేక పెట్టాడు. ఆ చోట తనే మూడు రాళ్ళు పెట్టేశాడు. మల్లీశ్వరి కొంగున కట్టుకొచ్చిన పసుపు కుంకుమ చల్లేసింది. ఆమె చెయ్యి దులుపుకునేలోపే ఓబుళేసు లారీకి ఫోను కలిపాడు. "అన్నా, రేపు పొద్దునే రావాల. పీరాసాబ్ పెట్టినాడు." రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. అక్కడ నవ్వి, గుట్టు విప్పి, నాలుగు తిట్లు తిని ఇంటికి పోవాలని నా ఆలోచన. ఆ ఇద్దరి ముఖాలు చూశాక గుండ్ల సంగతి దాచేశాను.

పీరాసాబ్ ఇంకో పదడుగులు వేసి పరుపుబండ మీదికి ఎక్కాడు. ఆ బండ ఆయనకు తెలుసు. ఇరవై ఏళ్ళప్పుడు దాని మీద మూడు గడ్డపారలు విరగ్గొట్టుకున్నాడు. దాని కింద నీళ్ళు కాదు కదా, చెమ్మ కూడా లేదు. అక్కడా కాయ నిలబడింది. అప్పుడు చెవి దగ్గర ఊపాడు. నీళ్ళ చప్పుడు లేదు. నావైపు చూశాడు. నేను ఆకాశంవైపు చూశాను.

"ఓబుళేసూ, ఆడ వద్దు. లారీని ఆపు" అన్నాడు.

"అదేంది మామా, కాయ నిలబడింది గదా!"

"కాయ మాట వదిలెయ్."

"ఎట్ల వదిలేది? మా నాయనకు నువ్వే గదా చెప్పింది, మనిషి అబద్ధం చెప్తాడు గాని టెంకాయ చెప్పదని!"

నిజమే. చెప్పాడు. ఓబుళేసు వాళ్ళ నాయనకే కాదు, పది ఊళ్ళకు చెప్పాడు. ఇప్పుడు ఆ పది ఊళ్ళ నమ్మకం ఆయన కాలికి గొలుసై పడింది. "ఇయ్యాల నా ఒళ్ళు బాగాలేదు" అని తప్పించుకుని ఇంటికి పోవచ్చు. రేపు లారీ ఆ మూడు రాళ్ళ మీదే నిలబడుతుంది. దుమ్ము లేస్తే తప్పు అల్లాది, కాదంటే ఓబుళేసు జాతకానిది. ఎవరూ ఈయనను ఏమీ అనరు. కేశవ అనలేదు కదా.

పీరాసాబ్ వంగి టెంకాయను బండకేసి కొట్టాడు.

మైనం ముద్ద బయటపడింది. గుండ్లు కొన్ని ఊడి బండ మీద గలగలా దొర్లాయి. ఊరికంతా ఉన్నది ఒకటే సైకిలు షాపు. అన్ని తలలూ నావైపు తిరిగాయి. ఓబుళేసు నా చొక్కా పట్టుకున్నాడు. "చెట్లు సచ్చిపోతాండాయి రా, నీకు ఆటగా ఉండాదా?" దెబ్బ పడేదే.

"వాన్ని వదిలెయ్" అన్నాడు పీరాసాబ్. "వాడు ఒక్క దినం మోసం చేసినాడు. నేను నలభై ఏండ్లు చేసినా."

ఓబుళేసు నా చొక్కా వదిలేశాడు.

"టెంకాయకు నీళ్ళు తెలీవప్పా. ఎప్పుడూ తెలీవు. పాయింటు అడిగితే వారం తిప్పుకుంటా గదా నేను? ఆ వారం మీ చుట్టుపక్కల బావులు చూస్తా. ఎవని మోటారు వేస్తే ఎవని బావిలో నీళ్ళు దిగుతాండాయి, అది చూస్తా. ముందే చోటు మనసులో పెట్టుకుంటా. ఆ చోటికి పోతే మణికట్టు దానంతటదే వంగుతాది, కాయ లేస్తాది. మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పినా. నీ మాట నమ్మి బోరేస్తామా అన్నారు. కాయ పట్టుకున్నంక నమ్మినారు. ఈ తూరి చెట్లు ఆగవని వారం చూడకుండానే వచ్చినా."

మల్లీశ్వరి మెల్లగా అడిగింది. "మరి కేశవ చేను, చిన్నాయనా?"

పీరాసాబ్ బండ దిగి వచ్చాడు. "ఆ పక్క చూసేదానికి బావుల్లేవమ్మా. అన్నీ ఎండిపోయినాయి. అన్నేండ్లు పట్టుకొని పట్టుకొని, ఆడ నిజంగానే టెంకాయను నమ్మినా."

ఒకరిద్దరు ఉమ్మేసి వెళ్ళిపోయారు. ఓబన్న "అయితే ఇన్నేండ్లు మమ్మల్ని..." అని మొదలుపెట్టి, తన బోరు గుర్తొచ్చి ఆపేశాడు. అందులో ఇప్పటికీ నీళ్ళున్నాయి.

"నాలుగు దినాలు ఇయ్యి. చూసి చెప్తా" అన్నాడు పీరాసాబ్.

"చెట్లు ఆగుతాయా?" అన్నాడు ఓబుళేసు.

"తెలీదప్పా."

మల్లీశ్వరి వంగి ఆ మూడు రాళ్ళూ ఒక్కొక్కటే తీసి కంచె అవతలికి విసిరింది. "నాలుగు దినాలు బిందెలతో పోస్తాం. రేపు వద్దని ఫోన్ చెయ్ లారీకి" అంది మొగుడితో.

ఆ నాలుగు రోజులూ నాకు శిక్ష పడింది. దారానికి ఒక బోల్టు కట్టి, మూరకొక ముడి వేసి, బోర్లలోకి వదలడం నా పని. బోల్టు నీటికి తగిలితే కింద నుంచి చప్పుడు వినిపిస్తుంది. ఎన్ని ముళ్ళు లోపలికి పోయాయో పీరాసాబ్ బొగ్గుతో పలుగురాయి మీద గీసుకుంటాడు. ఇబ్బందల్లా మోటార్లు ఆపించడం. ఒకరి మోటారే ఆడాలి, మిగతావన్నీ ఆగాలి. "కరెంటుండేదే పగలు కొంచెంసేపు, నా చేనికి పెట్టకుండా ఓబుళేసు చెట్ల కోసం ఆపాల్నా?" అని ఓబన్న పేచీ పెట్టాడు. అవతల దూరంగా చేనున్న యేసన్న మాత్రం తన మోటారుకు తనే తాళం వేసి, తాళంచెవి పీరాసాబ్ చేతిలో పెట్టాడు. తిమ్మమ్మవ్వ అడ్డం చెప్పలేదు గానీ, "ఏడేండ్లలో రాయి పడి అంతా పోయేదానికి ఇంగ చీనీ చెట్లెందుకప్పా?" అంది, నిజంగా దిగులుగా. పీరాసాబ్ నావైపు ఒక చూపు చూశాడు. నేను ముళ్ళు లెక్కపెట్టుకున్నాను.

మూడో రోజు దొరికింది. తిమ్మమ్మవ్వ మోటారు గంటన్నర ఆడింది. పక్కనే, రాయి విసిరితే పడేంత దగ్గరున్న ఓబన్న బోరులో నీళ్ళు ఒక్క ముడి కూడా దిగలేదు. ఓబుళేసు చేనుకు అవతల, ఎక్కడో ఉన్న యేసన్న బోరులో ఐదు ముళ్ళు దిగాయి. పీరాసాబ్ నాచేత మళ్ళీ మళ్ళీ వదిలించాడు. ఐదే.

"చూసినావా? పక్కనోడు కదల్లేదు, దూరమున్నోడు తూలినాడు" అన్నాడు. గొంతులో ఏడాదిగా లేని హుషారు. "ఆ ఇద్దరి నడుమ కింద కనపడని నీళ్ళ దారి ఏదో ఉండాది రా."

తిమ్మమ్మవ్వ బోరు నుంచి యేసన్న బోరుకు గీత గీస్తే అది ఓబుళేసు చేనులో ఉత్తరం మూలను మాత్రం తాకి పోతుంది. జిల్లేడు మొక్కలు తప్ప ఏమీ లేని మూల. నాలుగో రోజు అక్కడికి వట్టి చేతులతో నడిచి వెళ్ళి మూడు రాళ్ళు పెట్టాడు.

"నూటికి ఎంత చిన్నాయనా?" అంది మల్లీశ్వరి. ఊళ్ళో అందరికీ ఆ లెక్క నోటికొచ్చేసింది.

ఇదివరకైతే "గంగమ్మ ఈడే ఉండాది" అనేవాడు. "సగం" అన్నాడు.

ఓబుళేసు ముఖం పడిపోయింది. సగం అనే పాయింటు మనిషిని ఎవరూ చూడలేదు. మల్లీశ్వరి మాత్రం ఆ జిల్లేడు మూలను, తన చెట్లను మార్చి మార్చి చూసింది. "సగమని చెప్పి వేపిచ్చినోడు ఇంతదాకా మాకు దొరకలేదు. వేద్దాం" అంది.

లారీ వచ్చింది. ఈసారి పీరాసాబ్ వెళ్ళిపోలేదు. వంద అడుగులు, దుమ్ము. రెండు వందలు, దుమ్ము. మూడు వందల దగ్గర ఖాతూన్‌బీ వచ్చి పక్కన నిలబడింది. ఇద్దరి కనుబొమ్మలూ తెల్లబడ్డాయి. నాలుగు వందల దగ్గర ఓబుళేసు చూడలేక చెట్ల మధ్యకు పోయి కూర్చున్నాడు. పీరాసాబ్ పెదాలు కదులుతున్నాయి, అల్లాకు దువానో లెక్కో తెలియదు. నాలుగు వందల అరవైలో పిండి లేవడం ఆగింది. బూడిద రంగు ముద్ద బయటికి వచ్చింది. ఆపైన బురద. ఆపైన నీళ్ళు. ఒకటిన్నర ఇంచి ధార. చెట్లు బతకడానికి చాలు, గొప్పలు చెప్పుకోవడానికి చాలవు. మల్లీశ్వరి ఆ బురదలోనే కూలబడి ఏడ్చింది.

మర్నాడు పొద్దున నేను ఫోను పట్టుకుని పరుగున వెళ్ళాను. పీరాసాబ్ చీనీ చెట్ల మధ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నీళ్ళు ఒక్కో పాదులోకి మెల్లగా పారుతున్నాయి.

"మామా, రాయి పడదంట! విడవకుండా చూస్తానే ఉండారంట. దారి సన్నమైంది, ఆ దారిలో మనం లేం. నూటికి సున్నా అనుకో. మొట్టమొదట నీకే చెప్తాండా."

ఆయన తల ఊపాడు. నేను ఊరుకోవచ్చు కదా. "చూసినావా, నీ సగం నిజమాయ, వాళ్ళ మూడు అబద్ధమాయ. వాళ్ళకంటే నువ్వే గొప్పోనివి మామా" అన్నాను.

పీరాసాబ్ పాదులోంచి చెయ్యి తీసి నావైపు తిరిగాడు.

"వాళ్ళది అబద్ధమెట్లవుతాది రా? చూసేకొద్దీ లెక్క మారింది, మారిందని వాళ్ళే చెప్పినారు. నువ్వు మూడని ఊరంతా చాటినోనివి, సున్నా అని నా ఒక్కని చెవిలో చెప్తాండావే! లెయ్. ఇంటింటికీ పోయి చెప్పి రా. ఆపైన మాట్లాడుదువు, ఎవరు గొప్పో."